ఫ్రిజ్‌లో సూర్యోదయం

ఈ కాలంలో మనిషి పరువు అతని చదువులో లేదు, కొలువులో లేదు, నడవడికలో అసలే లేదు. చలికాలం వచ్చేసరికి అతను ఎంత ఎత్తు కొండ మీద, ఎంత లోతు మంచులో నిలబడి ఫోటో దిగాడన్న దాంట్లోనే ఉంది! ఇది శాసనం. దీన్ని ఏ ప్రభుత్వమూ చెయ్యలేదు. రహదారులూ వంతెనల శాఖలో తనిఖీ అధికారిగా పనిచేసే ఒకానొక పెద్దమనిషి అత్తవారి వైపు బంధువులంతా కలిసి ఫోన్‌లో ఒక కుటుంబం గ్రూపు పెట్టుకున్నారు. శాసనం చేసింది ఆ గ్రూపు.

శాసనాన్ని అక్షరాలా అమలు జరిపేవాడు తనిఖీ అధికారి తోడల్లుడు. ఆయనకు పరుపులూ దిండ్లూ అమ్మే పెద్ద దుకాణం ఉంది. మనిషి కూడా ఆయన అమ్మే సరుకులాగే మెత్తగా, గుండ్రంగా ఉంటాడు. ఏటా చలిగాలి మొదలవగానే ఆయన గ్రూపులో ఫోటోలు దించుతాడు. ఎర్ర స్వెట్టర్ వేసుకున్న భార్య చీలమండల దాకా తెల్లటి మంచులో నిలబడి, చేతులు బార్లా చాపి, ఆకాశం వంక చూస్తూ ఉంటుంది. కింద "ప్రకృతి ఒడిలో మేము" అని రాసి ఉంటుంది. ఇక చూడండి, బంధువుల చప్పట్లు, పువ్వులు, గుండెకాయలు!

ఆ ఫోటోలు వచ్చిన రోజున తనిఖీ అధికారి భార్య ఒక్క మాట కూడా అనదు. వంటింట్లో గిన్నెలు మాత్రం అంటాయి. ఫోటోలో చేతులు చాపింది ఆవిడ సొంత అక్క. చిన్నప్పటి నుంచీ అక్క ముందు నడిస్తే ఈవిడ వెనక నడిచింది. ఇప్పుడు అక్క మంచులో నడుస్తుంటే ఈవిడ తడిగుడ్డ పెట్టి వంటిల్లు తుడుచుకుంటోంది. ఆ తేడా ఆవిడకు నిజంగానే గుచ్చుకునేది.

తనిఖీ అధికారికి ఇదంతా తెలియక కాదు. పాపం, తీరిక లేదు. నెలలో సగం రోజులు ఆయన క్యాంపులో ఉంటాడు. తన పరిధిలో ఉన్న వంతెనలన్నీ స్వయంగా వెళ్ళి, కళ్ళారా చూసి, రిపోర్టు రాయడం ఆయన ఉద్యోగం. క్యాంపుకు బయల్దేరే రోజు భార్య సంచి సర్దుతుంది. ఫ్లాస్కు, మఫ్లరు, ఉన్ని మేజోళ్ళు, నొప్పుల మందు పెడుతుంది. "వాగుల పక్కన జాగ్రత్తండీ" అని గుమ్మం దాకా వస్తుంది. ఆయన గంభీరంగా తల ఊపి, వీధి చివరి దాకా నడిచి, ఎడమవైపు తిరిగి, మళ్ళీ ఎడమవైపు తిరిగి, తమ శాఖవారి గెస్ట్‌హౌస్‌లోకి వెళ్ళి పడుకుంటాడు.

ఇందులో మోసం ఉందని తొందరపడకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆయన ఒక సత్యం కనిపెట్టాడు. చూసినంత మాత్రాన వంతెన బాగుపడదు! చూడనంత మాత్రాన కూలిపోదు! అలాంటప్పుడు వెళ్ళి దాన్ని ఇబ్బంది పెట్టడం దేనికి? గెస్ట్‌హౌస్ మంచం మీద బోర్లా పడుకుని రాసినా ఆయన రిపోర్టులు రమ్యంగా ఉండేవి. "వంతెన పరిస్థితి సంతృప్తికరం. కింద నీరు నిర్మలంగా ప్రవహిస్తున్నది. గట్టున పక్షులు సంచరిస్తున్నవి." పై అధికారులు వాటిని మిగతావాళ్ళకు నమూనాగా చూపించేవారు.

ఆ చలికాలం కూడా ఆయన అలాగే కొండవంతెన తనిఖీ నిమిత్తం గెస్ట్‌హౌస్‌లో క్యాంపు వేశాడు. మధ్యాహ్నం భోంచేసి దుప్పటి ముసుగు పెట్టుకున్నాడో లేదో, భార్య దగ్గర్నుంచి ఫోన్!

"ఎక్కడున్నారు?"

"కొండ మీద. వంతెన దగ్గరే" అన్నాడు దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుని.

"చలిగా ఉందా?"

"అడక్కు! మాట నోట్లోంచి బయటికి రాకముందే గడ్డకట్టుకుపోతోంది."

"అయితే మంచు పడుతోందా?"

జాగ్రత్త తెలిసినవాడైతే లేదని అనేసేవాడు. కానీ క్యాంపు విషయాల్లో నిజం చెప్పి ఎంతకాలమైందో, ఆ అలవాటు తప్పిపోయింది. "పడటమా? కుమ్మరిస్తోంది!" అన్నాడు.

అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది. 

"అక్క మళ్ళీ ఫోటో పెట్టిందండీ. దాని కింద అమ్మ, 'మా పెద్దల్లుడు పిల్లను ఎంత అపురూపంగా చూసుకుంటాడో' అని రాసింది. నాకు తల కొట్టేసినట్టుంది. మీరు అంత మంచులో ఉన్నారు కదా, ఒక్క ఫోటో తీసి పెట్టండి. ఇప్పుడే పెట్టండి. ఒక్కసారైనా నా తరఫున కూడా ఒకటి ఉండాలిగా!"

ఆ ముక్కు చీదిన చప్పుడుకు తనిఖీ అధికారి గుండె కలుక్కుమంది. భార్యంటే ఆయనకు ప్రేమే. దానికోసం మంచం దిగవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు, అంతే. "పెడతానోయ్, ఏడవకు" అనేశాడు. అనేశాక నోరెండిపోయింది. మంచినీళ్ళ కోసం లేచి గెస్ట్‌హౌస్ ఫ్రిజ్ తలుపు తీశాడు.

తీసి, అలాగే నిలబడిపోయాడు.

ఆ ఫ్రిజ్ శాఖ పుట్టినప్పటిది. పైన ఐసు పెట్టే అర తలుపు ఎప్పుడో ఊడిపోయింది. ఊడినప్పటి నుంచీ అందులో మంచు పేరుకుంటూ, గడ్డలు కట్టుకుంటూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ వచ్చింది. శిఖరాలున్నాయి. లోయలున్నాయి. ఒక మూల గుహ కూడా ఉంది. వాటి వెనక నుంచి పసుప్పచ్చగా ఫ్రిజ్ బల్బు వెలుగుతోంది. ఎవరో ఎన్నడో పెట్టి మరిచిపోయిన బఠాణీల సంచీ ఒకటి మంచులో కూరుకుపోయి, ఆకుపచ్చ అంచు మాత్రం బయటికి కనిపిస్తోంది.

తనిఖీ అధికారి తన సర్వీసు మొత్తంలో మొట్టమొదటిసారిగా ఒక స్థలాన్ని నిజంగా తనిఖీ చేశాడు. తల లోపల పెట్టి అన్ని వైపుల నుంచీ చూశాడు. ఫోన్ తీసి క్లిక్కుమనిపించాడు. తర్వాత మంచం మీదికి చేరి పని మొదలెట్టాడు. ఐసు ట్రే కనపడకుండా ఒక పక్క కత్తిరించాడు. బఠాణీల సంచీ రంగు ముదరబెడితే అది దట్టమైన అడవి అయింది. మొత్తానికి నీలం రంగు పులిమితే చలి వచ్చింది. బల్బు చుట్టూ వెలుగు కాస్త పెంచితే సూర్యోదయమైంది! ఆకాశంలో రెండు పక్షుల్ని అతికించాడు. ఒకటి మరీ పెద్దదై విమానంలా కనిపిస్తుంటే చెరిపేశాడు. కింద "విధి నిర్వహణలో ఒక ఉదయం" అని రాసి గ్రూపులో వదిలాడు.

గ్రూపు ఊగిపోయింది! పినమామలు, మేనత్తలు, ఎవరి తరఫువాళ్ళో ఎవరికీ తెలియనివాళ్ళు సైతం వచ్చి పొగిడారు. అత్తగారు "మా చిన్నల్లుడు బంగారం" అని రాసింది. భార్య ఏమీ రాయలేదు. ఇంట్లోంచి ఫోన్ చేసి, ఆనందం పట్టలేక "అబ్బ!" అని మాత్రం అని పెట్టేసింది.

తోడల్లుడి పేరు కింద "రాస్తున్నారు... రాస్తున్నారు..." అని చాలాసేపు కనపడింది. చివరికి మాట దిగింది.

"ఓహో, ఇదా! మాకు బాగా తెలిసిన చోటే. పోయిన చలికాలం వెళ్ళొచ్చాం. ఎడమ పక్క మలుపులో ఒక టీ కొట్టు ఉంటుంది. చూసే ఉంటారు."

దాని కిందే ఆయన భార్య, అంటే వదినగారు: "ఆ టీ రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది!"

తనిఖీ అధికారి నోరు వెళ్ళబెట్టాడు. తనకే అనుమానం వచ్చి, లేచి వెళ్ళి ఫ్రిజ్ మళ్ళీ తీసి చూశాడు. ఎడమ పక్కన కోడిగుడ్ల అర ఉంది. టీ కొట్టు లేదు.

ఆయనకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. దొరికాడు దొంగ! ఏళ్ళ తరబడి తన భార్యను ఏడిపించిన పెద్దమనిషి ఇన్నాళ్ళకు దొరికాడు! గ్రూపులో నలుగురి ముందూ కడిగేద్దామని ఫోన్ అందుకున్నాడు కూడా. కానీ ఆ చోటు లేదని చెప్పాలంటే, అది ఏ చోటో చెప్పాలి. అది చెప్తే క్యాంపు సంగతి చెప్పాలి. క్యాంపు సంగతి బయటపడితే ఉద్యోగం సంగతి చెప్పనక్కర్లేదు. కక్కలేక మింగలేక, "అవునన్నయ్యా, చూశాను. టీ బాగుంది" అని రాసి పడుకున్నాడు.

క్యాంపు ముగించుకుని ఇంటికి వెళ్తే గుమ్మంలోనే ఘనస్వాగతం దొరుకుతుందనుకున్నాడు. భార్య సంచి అందుకుంది గానీ మొహం ముడుచుకుని ఉంది.

"అక్కను బావగారు వెంటబెట్టుకుని వెళ్ళారు. అదే చోటికి మీరు ఒక్కరే వెళ్ళి, ఒక్కరే చూసి, ఒక్కరే టీ తాగి వచ్చారు."

"అది డ్యూటీనోయ్!"

"డ్యూటీలో సూర్యోదయాలు కూడా చూపిస్తారని నాకు తెలియదు. నేనిక్కడ మీ ఉన్ని మేజోళ్ళు ఉతుక్కుంటూ, వాగులో ఎక్కడ పడిపోతారోనని దిగులుపడుతూ కూర్చున్నాను."

ఇది ఆయన ఊహించని దెబ్బ. వెళ్ళని చోటుకు భార్యను తీసుకెళ్ళలేదన్న నేరం మీద పడింది! వెళ్ళలేదని చెప్పుకుని నిర్దోషి అనిపించుకునే దారి లేదు. దానికి తోడు అప్పుడే అత్తగారి ఫోన్ వచ్చింది. భార్య స్పీకరు నొక్కింది.

"బాబూ, నా మోకాళ్ళు ఇంకో చలికాలం దాకా ఆగేలా లేవు. మంచును ఒక్కసారి చేత్తో ముట్టుకోవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. మీ మామగారు చూద్దాం చూద్దాం అంటూనే వెళ్ళిపోయారు. ఆయన్నేమీ అననులే. ఇప్పుడు దేవుడిచ్చినట్టు ఇద్దరల్లుళ్ళకీ తెలిసిన చోటు ఒకటి దొరికింది. నన్ను ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళు నాయనా. నిన్ను ఇంకేమీ అడగను."

నిజంగానే ఆవిడ అల్లుణ్ణి ఎన్నడూ ఏమీ అడగలేదు. తనిఖీ అధికారి ఫోన్ దగ్గరికి వంగి, "అలాగే అత్తయ్యా" అన్నాడు.

ఆ తర్వాత తోడల్లుళ్ళిద్దరి మధ్య ఫోన్‌లో జరిగిన మర్యాదలు వర్ణించడానికి వీలులేనివి.

"అన్నయ్యా, మీరు పెద్దవారు. ముందు వెళ్ళినవారు. మీరు దారి చెప్తే మేం వెనక వస్తాం."

"అబ్బెబ్బే! నాదేముంది తమ్ముడూ, సరదాగా వెళ్ళొచ్చినవాణ్ణి. మీరు ప్రభుత్వం తరఫున వెళ్ళినవారు. దారి మీకు కంఠతా వచ్చి ఉంటుంది."

"మీ కారుకు అలవాటైన దారి కదా అని..."

"మీ శాఖవారు వేసిన రోడ్డు కదా అని..."

తోడల్లుడికి జ్వరం వచ్చింది. తనిఖీ అధికారికి ఆఫీసులో ఆడిటు వచ్చింది. ఒకరి అడ్డంకి విని ఇంకొకరు ఎంతో ఊరట పొందారు. కానీ అత్తగారు అప్పటికే కొత్త శాలువా కొనేసి, చుట్టుపక్కల నాలుగిళ్ళకూ వెళ్ళి చూపించేసి వచ్చింది. జ్వరం తగ్గింది. ఆడిటు వాయిదా పడింది.

ఆదివారం పొద్దున్నే తోడల్లుడి కారులో బయల్దేరారు. డ్రైవింగు తోడల్లుడిది. పక్కన తనిఖీ అధికారి. వెనక అక్కాచెల్లెళ్ళిద్దరి మధ్య, శాలువాలో ముక్కు మాత్రం కనపడేలా అత్తగారు. కొండవంతెన అన్న బోర్డు చూసుకుని కారు కొండదారి ఎక్కింది. ఎక్కేకొద్దీ పొగమంచు కమ్ముకుంటోంది. దారి రెండుగా చీలిన చోట కారు ఆగింది.

"ఇక్కడ ఎడమే కదా తమ్ముడూ?" అన్నాడు తోడల్లుడు, కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా.

"మీరు కిందటిసారి ఎటు వెళ్ళారు?"

"మీరు ఎటు వెళ్ళారో అటే."

"అయితే అటే పోనివ్వండి."

ఎటో తెలియక కారు కాసేపు ఊపిరి పీల్చుకుని, చివరికి వెడల్పుగా ఉన్న దారి పట్టింది.

"ఆ టీ కొట్టు ఇంకా రాలేదా అబ్బాయ్?" అడిగింది అత్తగారు.

"చలికాలంలో మూసేస్తారండీ" అన్నాడు తోడల్లుడు.

"మీరు చలికాలంలోనేగా తాగారు?"

తోడల్లుడు రోడ్డు మీద ఎవరూ లేకపోయినా హారన్ కొట్టాడు. ఒకసారి కొట్టి ఆగలేదు, మలుపు తిరిగేదాకా కొడుతూనే ఉన్నాడు. మలుపు తిరగ్గానే వదినగారు కెవ్వున అరిచింది. కారు కీచుమంటూ ఆగింది. అందరూ ముందుకు తూలారు.

కారు ముందు రోడ్డు లేదు.

మగవాళ్ళిద్దరూ దిగారు. ముందు చక్రానికి జానెడు దూరంలో నేల తెగిపోయి ఉంది. అటు ఒక మొండి గోడ, ఇటు ఒక మొండి గోడ, మధ్యలో పొగమంచు. ఎక్కడో చాలా కింద నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. రోడ్డు పక్కన "కొండవంతెన. నెమ్మదిగా వెళ్ళండి" అన్న బోర్డు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. శాఖ తన బాధ్యతను అంతవరకూ నెరవేర్చింది!

తనిఖీ అధికారి భార్య కూడా దిగింది. బోర్డు చదివింది. తెగిన అంచు దాకా వచ్చి తొంగి చూసింది.

"మీరు నెలనెలా దీని మీద నుంచేగా వెళ్తారు?"

"కిందటి నెల ఉంది..."

"గోడలకు నాచు పట్టింది."

ఆయన నాచు వంక చూశాడు. దట్టంగా, మెత్తగా, ఎన్నో వానలు తాగిన నాచు అది. దాని వెనక జానెడు దూరంలో కారు చక్రం. కారులో శాలువా చుట్టుకుని కూర్చున్న ముసలావిడ. అంచున నిలబడ్డ భార్య.  ఇంతవరకూ కాగితం మీద తప్ప ఎక్కడా లేని వంతెన మీదికి తనవాళ్ళను తానే తోలుకొచ్చాడు. పొగమంచు ఇంకాస్త దట్టంగా ఉంటే, తోడల్లుడు ఇంకాస్త ధీమాగా నడిపి ఉంటే! ఆ ఆలోచన పూర్తి కాకుండానే ఆయన రోడ్డు పక్కన కూలబడి, గట్టిగా ఏడ్చేశాడు.

"నేనెక్కడికీ వెళ్ళలేదే! ఏ వంతెనా చూళ్ళేదు. మనింటికి రెండు వీధుల అవతల గెస్ట్‌హౌస్‌లో పడుకుంటాను. ఆ ఫోటో అక్కడి ఫ్రిజ్‌లోది. సూర్యుడు కాదే, ఫ్రిజ్ బల్బు!"

 భార్య మొగుడి వంక కాకుండా, కారు దిగుతున్న అక్క వంక చూసింది.

"మరి నువ్వు తాగిన టీ ఏ ఫ్రిజ్‌లోదే అక్కా?"

వదినగారు మొగుడి మొహం చూసింది. ఆయన టైరు మొహం చూశాడు. ఇక లాభం లేదనుకుంది ఆవిడ.

"దూదే తల్లీ, దూది! గోదాములో దూది పరిచి నిలబెడతారు. ఒక్కో ఫోటోకి తుమ్మి తుమ్మి చస్తాను. ఒకేడు చెవిలో కూడా దూరింది, డాక్టరు తీశాడు. నీకేం, నువ్వు హాయిగా ఇంట్లో ఉంటావు!"

చెల్లెలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ తను కుళ్ళి కుళ్ళి ఏడ్చింది పరుపుల్లో కూరే దూదిని చూసి! ఒకరు నవ్వడం మొదలుపెట్టాక రెండోవారు కూడా మొదలుపెట్టారు. అక్కాచెల్లెళ్ళు ఒకర్నొకరు పట్టుకుని, ఆ తెగిన రోడ్డు మీద, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వారు.

అప్పుడు కారు అద్దం కిందికి దిగింది. అత్తగారు అంతా వింది.

"అయితే ఎక్కడా మంచు లేదన్నమాట" అంది.

ఆ మాటకు నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, చిన్నపిల్లలా కిందికి చూస్తూ కూర్చుంది. తనిఖీ అధికారికి తన ఉద్యోగం పోయినా ఇంత బాధ కలగదనిపించింది.

కాసేపటికి ఆవిడే తలెత్తింది. "బాబూ, ఫ్రిజ్‌లో ఉన్నది మంచేగా?"

"మంచేనండీ. అచ్చమైన మంచు."

"అయితే అక్కడికే పోనివ్వండి. ఇంత దూరం వచ్చి ఉత్తిచేతులతో నేను ఇంటికి వెళ్ళను."

కారు ఎక్కేముందు తనిఖీ అధికారి ఆగాడు. కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసి ఆ తెగిన వంతెనను ఫోటో తీశాడు. కత్తిరించలేదు, రంగు పులమలేదు.

"రిపోర్టు రాస్తాను. ఉన్నదున్నట్టు రాస్తాను. ఉద్యోగం పోతే పోనీ! రేపు ఇంకెవరో పిల్లాపాపలతో ఈ దారిన వస్తారు" అన్నాడు.

అందరి గుండెలూ ఉప్పొంగాయి. "మనిషంటే మీరు తమ్ముడూ!" అని తోడల్లుడు చేతులు పట్టుకున్నాడు. "నీతి ముందు నౌకరీ ఎంత!" అంది వదినగారు. భార్య మొగుడి భుజం నిమిరింది. పోనీ ఈలోగా నాలుగు రాళ్ళు తెచ్చి రోడ్డుకు అడ్డం పెడదామా అన్నాడు తనిఖీ అధికారి. చలి బాగా ఎక్కువగా ఉంది. "రిపోర్టు వెళ్తే మీ శాఖవాళ్ళే పెడతారుగా, వాళ్ళ పని మనమెందుకు చెయ్యడం?" అన్నాడు తోడల్లుడు. అదీ నిజమే అనుకుని కారెక్కారు.

గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ తలుపు తీసి, "మీ గది సర్దే ఉందండీ" అని సలాం కొట్టి పక్కకు తప్పుకున్నాడు. భార్య ఆ గదినీ, మంచాన్నీ, మంచం కింద చెప్పులనూ ఒకసారి కలియజూసింది గానీ, తల్లి ముందు ఏమీ అనలేదు. ఫ్రిజ్ ముందు కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టారు. తనిఖీ అధికారి తలుపు తీశాడు. శిఖరాలు, లోయలు, గుహ, అన్నీ అలాగే ఉన్నాయి.

ఆవిడ చెయ్యి చాపి, ఒక శిఖరం మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది. గోటితో కాస్త గీరి, ఆ పొడి చెంపకు రాసుకుని కళ్ళు మూసుకుంది.

"ఇంత చల్లగా ఉంటుందా! పోనీలే, ఆయన కూడా చూసుంటే బాగుండేది" అంది.

అల్లుళ్ళిద్దరూ తలలు దించుకున్నారు. ఆ నిమిషంలో ఆ గదిలో అబద్ధం అనేదే లేదు.

తర్వాత ఆవిడ కళ్ళు తెరిచి, శాలువా సర్దుకుని, "ఏదీ, ఫోటో తియ్యండి" అంది.

గది పనిలో పడింది. వదినగారు తల్లి కొప్పు సవరించింది. తనిఖీ అధికారి భార్య తనూ పడేలా సెల్ఫీకి ఫోన్ పుచ్చుకుంది. "అమ్మా, కాస్త వెనక్కి జరుగు, కోడిగుడ్లు పడుతున్నాయి. అక్కా, నువ్వు చేతులు చాపు, నీకు అలవాటేగా. ఏవండీ, ఆ తలుపు పట్టుకున్న చెయ్యి తియ్యండి!" అంటూ ఆవిడ ఆజ్ఞలు జారీ చేస్తుంటే, ఆ నేర్పుకు మొగుడు ఆశ్చర్యపోయాడు. తోడల్లుడు మంచం మీద కూర్చుని ఐసు ముక్కల్ని పర్వతాలు చేశాడు, కుర్చీని చెరిపేశాడు. "కొండవంతెన దాటి, మంచుకొండల్లో కుటుంబ సమేతంగా" అని రాసి గ్రూపులో పెట్టారు. గుండెకాయలు కురవడం మొదలైంది.

ఈ హడావిడిలో తనిఖీ అధికారి ఒక్కడే కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని రిపోర్టు రాశాడు. రాసింది పైకి చదివాడు.

"కొండవంతెన లేదు. చాలా కాలంగా లేదు. నేను ఇంతవరకూ వెళ్ళి చూడలేదు."

భార్య ఫోన్‌లోంచి తలెత్తింది.

"ఇది పంపిస్తే..." అంది భార్య.

"ఉద్యోగం పోతుంది."

"అది సరే. గ్రూపులో ఏమని చెప్తాం?"

"ఇప్పుడేగా ఆ వంతెన దాటి వెళ్ళామని పెట్టాం మరిదిగారూ! అది లేదని మీరు ప్రభుత్వానికి రాస్తే, మేం ఎగిరి దూకామని చెప్పాలా?" అంది వదినగారు.

"అమ్మ మొహం చూడండి, ఎన్ని మెచ్చుకోళ్ళు వచ్చాయో! ఆ సంతోషం కూడా ఉంచరా?" అంది భార్య.  ఆవిడ జీవితంలో మొదటిసారి అక్కతో సమానంగా ఒకే ఫోటోలో, ఒకే మంచులో నిలబడింది.

తనిఖీ అధికారి తోడల్లుడి వంక చూశాడు. మనిషంటే మీరని చేతులు పట్టుకున్న మనిషి కదా! తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"నిజం మాట ఎవరు కాదన్నారు తమ్ముడూ? దానికో పద్ధతి ఉంటుంది. ఏదీ, ఆ వంతెన ఫోటో ఒకసారి ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. తోడల్లుడి లావుపాటి వేళ్ళు ఫోన్ మీద చకచకా ఆడాయి. అటు మొండి గోడను ఇటు దాకా సాగదీశాడు. గెస్ట్‌హౌస్ వరండా కటకటాలను ఫోటో తీసి, తెచ్చి రెండు పక్కలా నిలబెట్టాడు. నాచు మీద సున్నం రంగు పూశాడు. ఇంజనీర్లు లేరు, మేస్త్రీలు లేరు, టెండర్లు లేవు. కూర్చున్న మంచం దిగకుండానే వంతెన కట్టేశాడు! పాత వంతెన కన్నా బాగా వచ్చిందని చెప్పడానికి పాత వంతెనను చూసినవాళ్ళు ఎవరూ అక్కడ లేరు.

"ఇది రిపోర్టుకు జత చెయ్యండి. ఎవరూ నోరెత్తరు" అన్నాడు.

"కానీ అన్నయ్యా, రేపు నిజంగా ఎవరైనా కారులో వస్తే? మన చక్రం జానెడు దూరంలో ఆగింది. వాళ్ళది ఆగకపోతే?"

తోడల్లుడు కిటికీ బయటికి చూశాడు. వదినగారు గాజులు సర్దుకుంది. భార్య ఫోన్‌లో మెచ్చుకోళ్ళు చదువుకుంటోంది.  తనిఖీ అధికారికి చివరికి ఒక్కరే మిగిలారు. అందరికన్నా పెద్దది, అబద్ధం ఆడి ఎరగనిది, పొద్దున కారులో ఆ అంచు దాకా వెళ్ళొచ్చినది. ఫోన్ తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టి, ఆవిడ కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మీరు చెప్పండి అత్తయ్యా. మీ మాట ప్రకారం చేస్తాను. ఏం చెయ్యమంటారు?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. ఫోన్ దగ్గరగా పట్టుకుని చూసింది. దూరంగా పట్టుకుని చూసింది. ఆ కటకటాలను, ఆ సున్నాన్ని, ఆ కొస నుంచి ఈ కొస దాకా చాలాసేపు పరీక్షించింది. 

"చలికాలం కదా బాబూ," అంది అత్తగారు, "దీని మీద కూడా కాస్త మంచు వెయ్యి."